నీలిమంట మీద జొన్నరొట్టె

బాలనాగమ్మ ఎడమచేతి చూపుడువేలికి ఎప్పుడూ ఒక నూలుపోగు చుట్టి ఉంటుంది. మగ్గం మీద పోగు తెగితే వెంటనే అతకడానికని పెళ్లయిన కొత్తలో చేసుకున్న అలవాటు. గద్వాలలో ఏళ్ల తరబడి గుంటమగ్గంలోకి కాళ్లు దించి పట్టంచు చీరలు నేసింది. ఆమె చీరలు ఎక్కడెక్కడి పెళ్లిళ్లకో వెళ్లాయి. ఆమె మాత్రం కిటికీలోంచి పడ్డ ఎండ ముక్క గోడ మీద పాకుతుంటే చూస్తూ అక్కడే ఉండిపోయింది.

ఒకనాటికి మోకాళ్లు మొరాయించాయి. గుంటలోకి దిగితే మళ్లీ పైకి రాలేకపోయింది.

"ఇగ నువ్వు కూసో. ఇన్నేండ్లు చేసినవ్ గద," అన్నాడు పెనిమిటి కురుమూర్తి. ప్రేమగానే అన్నాడు. ఆమెకు మాత్రం ఎవరో మెల్లగా తలుపు మూసినట్టు వినబడింది.

ఆమె తమ్ముడు రాఘవేందర్ సోమశిల దగ్గర కృష్ణలో చిన్న తెరచాప పడవ నడుపుతాడు. చూడవచ్చినవాళ్లను ఎక్కించుకుని, నల్లమల కొండల నీడలు పడే నీళ్ల మీద పొద్దంతా తిప్పుతాడు. ఆ తెరచాప కుట్టింది అక్కే. కుట్టినదాన్ని చూసుకుందామని ఒకసారి పడవెక్కింది. గుడ్డలోకి గాలి నిండింది. ఒడ్డు వెనక్కి జరిగింది. మోకాళ్లతో పని లేకుండా తాను ఇంత దూరం నడవగలదని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"పొద్దంత తిరిగెటోళ్లకు ఆకలి గాదా? నేను వండిపెడ్త. నన్ను పడవ మీద పెట్టుకో తమ్మీ," అంది.

"కాళ్లు లేస్తలేవంటివి?"

"పడవల కూసొనే గదరా వండేది!"

గ్యాస్‌కు రాఘవేందర్ ఒప్పుకోలేదు. లీకైతే కిందికి దిగి పడవ అడుగున పేరుకుంటుందని భయం. కట్టెలంటే తెరచాప మీద నిప్పురవ్వలు. చివరికి ఎవరో చెబితే స్పిరిట్ పొయ్యి తెచ్చాడు. లోతైన గిన్నెలాంటిది, కడుపు నిండా దూది. వడ్రంగులు పాలిష్‌కు వాడే స్పిరిట్ పోస్తే దూది పీల్చుకుంటుంది. మూతి దగ్గర అంటిస్తే పొగ లేకుండా, చప్పుడు లేకుండా మండుతుంది.

ఆ మంటకు ఒక గుణం ఉంది. చీకట్లో నీలిపువ్వులా ఉంటుంది, పట్టపగలు కంటికి ఆనదు. మొదటిరోజే బాలనాగమ్మ మోసపోయింది. ఆరిపోయిందనుకుని సీసా వంచింది. భగ్గుమంది. రాఘవేందర్ సీసాను నీళ్లలోకి తన్ని, తడి గోనెసంచి పొయ్యి మీద పడేశాడు. ఆమె ముంజేతి వెంట్రుకలు కాలిన వాసన చాలాసేపు పడవ దిగలేదు.

"మనతోటి గాదక్కా. ఒడ్డు మీద హోటలాయనకు చెప్పిన. ఎల్లుండి వచ్చెటోళ్లకు డబ్బాల అన్నం కట్టిస్తడు."

"రేపొక్క పూట ఇయ్యి. జొన్నరొట్టె పొంగకపోతే నేనే గద్వాల బస్సెక్కుత."

"రొట్టెనా? గా సన్న మంట మీద? అన్నం వండరాదు?"

"అన్నం నువ్వు గూడ వండుతవ్. రొట్టె పొంగిస్తెనే నేను వంటదాన్ని."

పందెం సంగతి కురుమూర్తికి ఫోన్‌లో చెప్పి పడుకుంది కానీ, రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. బస్సు దిగి ఇంటికి పోతే అందరూ ప్రేమగానే చూసుకుంటారు. కూర్చోబెడతారు. ఆ ప్రేమను తలచుకుంటేనే భయమేసింది.

తెల్లారి పడవ కదిలింది. గాలి ఎటు పోతుందో పడవా మొదట అటే పోయి, తర్వాత ఊరి వైపు అడ్డంగా తిరిగింది. బాలనాగమ్మ కొంగు నడుముకు బిగించి పొయ్యి అంటించింది. మంట కనబడలేదు. వేలికున్న పోగు కొంచెం విప్పి, కొసను పొయ్యి మూతి మీదికి చాపింది. పట్టు అసలుదో కాదో తేల్చడానికి కొస కాల్చి చూసిన చెయ్యే అది. కొస నల్లగా ముడుచుకుంది.

"ఉన్నది," అంది మంటతో మాట్లాడుతున్నట్టు.

నీళ్లు మరగబెట్టి జొన్నపిండి కలిపింది. పెనం ఎక్కించింది. కానీ గాలి అడ్డంగా కొడుతోంది. పడవ ఒక పక్కకు ఒరిగింది. చుట్టూ నూనెడబ్బా రేకు నిలబెట్టినా కనబడని మంట పక్కకు పారిపోతోంది. మొదటి రొట్టె ఎండి గట్టిపడింది.

రాఘవేందర్ దాన్ని వేలితో కొట్టి చూశాడు. "ఇది రొట్టె గాదు, పలక. బలపం ఉంటే రాసుకోవచ్చు."

"నోరు మూసుకొని తెడ్డు వట్టు."

రెండోది ఒక అంచు మాడి, ఒక అంచు పచ్చిగా మిగిలింది. ఈసారి తమ్ముడు నవ్వలేదు. "బస్సు యాళ్లకు ఒడ్డు చేరాలె గదక్కా," అన్నాడు మెల్లగా.

బాలనాగమ్మ పొయ్యి మూతి పెట్టి ఆర్పేసింది. తల వంచుకుని వేలికేసి చూసింది. పోగు కొస గాలికి బిర్రుగా చాచుకుని రెపరెపలాడుతోంది. పొద్దున గాలి వెంట పోతున్నప్పుడు ఇదే పోగు వేలికి వేలాడుతూ ఉండటం గుర్తొచ్చింది.

"రాఘవా, పడవను గాలి పోయే దిక్కే పోనియ్యి."

"అటు పోతే ఊరు ఎనకవడ్తది. మల్ల ఎదురుగాలికి మెలికలు తిరుక్కుంట రావాలె. పొద్దుగూకుతది."

"గూకనియ్యి."

"పడవ నడిపేది నువ్వా, నేనా?"

"పడవ నీది. పొయ్యి నాది. నా పొయ్యికి గాలి వద్దు."

తమ్ముడు ఆమెను ఒక్క క్షణం చూసి, చుక్కాని తిప్పి తాడు వదిలాడు. తెరచాప బార్లా తెరుచుకుంది. ఒరిగిన పడవ లేచి నిటారుగా నిలబడింది. గాలీ పడవా ఒకే దారి పట్టేసరికి, చెవుల్లో హోరు సగానికి తగ్గింది. పోగు మెల్లగా తల వాల్చింది.

ఆమె తొందరపడలేదు. అరచెయ్యి ఆనించగలిగేంతగా పొయ్యి చల్లారేదాకా ఆగింది. నల్లబడ్డ కొస తెంపేసి పోగు చాచి చూసింది. కొస తెల్లగానే ఉంది. అప్పుడు స్పిరిట్ పోసి, కొత్త సీసాకు మూత బిగించి, దూరంగా పెట్టింది. రాఘవేందర్ కళ్లు ఆ సీసా మీదే ఉన్నాయి. మళ్లీ అంటించింది. పోగు ముడుచుకుంది.

ఈసారి అరచేయంత రొట్టె కొట్టింది. పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన తుడిచి, ఆగి, తిరగేసింది. రొట్టె ఊరకే పడుకుంది. తర్వాత ఒక అంచున చిన్న బుగ్గ లేచింది. బుగ్గ పక్కకు పాకింది. లోపల ఎవరో నిద్రలేచి దుప్పటి ఎత్తినట్టు రొట్టెంతా గుండ్రంగా పైకి లేచింది. పైన తెరచాప, కింద రొట్టె, రెండూ నిండుగా ఉబ్బి ఉన్నాయి.

"పొంగిందిరో!"

కొండలు ఆ కేకను పట్టుకుని మళ్లీ ఆమెకే విసిరాయి. ఆమె ఇంకా గట్టిగా అరిచింది.

రాఘవేందర్ ఎల్లిగడ్డ కారం అద్దుకుని తిన్నాడు. నాలుక కాలినా ఆగలేదు. "ఇంకొకటెయ్యి, అటెనక మాట్లాడుదం," అన్నాడు. మూడోది తింటూ హోటలాయనకు ఫోన్ చేశాడు. "అన్నా, డబ్బాలు వద్దులే. మా పడవల వంటామె ఉన్నది."

తిరుగుదారి అతను చెప్పినట్టే మెలికలు మెలికలుగా సాగింది. ఎర్రటి నీళ్లను పడవ అటూ ఇటూ దాటుతుంటే, ఆమెకు మగ్గం మీద పోగుల నడుమ నాడె కదలాడినట్టే ఉంది. ఒడ్డు దగ్గరవుతుండగా కురుమూర్తి ఫోన్ వచ్చింది.

"బస్సెక్కినవా? ఏం జేస్తున్నవ్?"

"నువ్వు చెప్పినట్టే కూసున్న."

"ఏడ?"

"నీళ్ల మీద. రొట్టెలు చేసుకుంట." ఆమె వేలికేసి చూసుకుంది. పోగు దాదాపు అయిపోయింది. "జర ఒక కండె నూలు పంపియ్యి. ఈడ మస్తు పనున్నది."