తాళి నీడ పడని ఫిలిం

పంతొమ్మిదివందల నలభైల్లో మదనపల్లె మిషనాసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. ఛాతీ మీద బంగారం ఉంటే దాని నీడ ఫిలింలో పడి జబ్బును దాచేస్తుంది. అందుకని నాకు ముందున్నాయన తాళి తియ్యమని ఆడవాళ్లను గదమాయించేవాడు. వాళ్లు ఏడుస్తూ వెళ్లిపోయేవాళ్లు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పెద్దమండ్యం నుంచి వచ్చిన ఒకామె తాళి మీంచి చెయ్యి తియ్యలేదు. "నా మొగుడు బతికుండాడప్పా, యాల తీసేది?" అంది.

"తియ్యొద్దమ్మా. పండ్లతో కరుసుకో, ఊపిరి బిగబట్టు" అన్నాను. పసుపుతాడు ఎక్స్‌రేలో ఆనదు. బంగారమేమో నోట్లో ఉంది.

ఫిలిం అద్దంలా వచ్చింది. పెద్ద డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "తాళి ఎట్లా తీయించావు?" అని అడిగారు.

"నా గదిలో ఏ తల్లీ తాళి తియ్యదు సార్" అన్నాను.