ఏటిగట్టు మీద పొట్టి రేసరు

యుద్ధం ముగిసి పదేళ్లయింది. జపాన్‌లోని మా హమామత్సులో వీధికో మోటారుసైకిళ్లు కట్టే షెడ్డు వెలిసింది. ఒరిమోతోగారి షెడ్డులో నేను సిలిండర్లు ఆకురాయితో రాసేవాణ్ణి. మాకందరికీ వండిపెట్టేది టోమె అక్క. భర్త యుద్ధంలో పోయాడు. నలభై దాటిన ఆమె మనిషి పిడికెడు, నోరు మాత్రం చేటంత.

ఆ ఏడు అసామా కొండల్లో రేసుకని ఒరిమోతోగారు ఒక టూ స్ట్రోక్ బండి కట్టించారు. పెట్రోల్లో ఆముదం కలిపితే తప్ప నడవదు. తోసుకుంటూ పరిగెత్తి ఎక్కాలి. ఎక్కాక కందిరీగల తుట్టె కదిపినట్టు ఒకటే రొద. ఇంజను వేడెక్కిందా, చెప్పాపెట్టకుండా పిస్టన్ బిగుసుకుపోయేది. అలాగే ఒకనాడు మా రేసరు సెన్‌కిచి ఎగిరి తేయాకు పొదల్లో పడ్డాడు. భుజం ఎముక విరిగింది.

కొత్త ఇంజనును నిదానంగా తిప్పి దారికి తెచ్చే మనిషి లేడు. మేమంతా తలలు వేలాడేసి చారు తాగుతుంటే టోమె అక్క గరిటె కింద పెట్టింది.

"నేను తోల్తా."

"అది టోఫూ గంప కాదక్కా," అన్నాను. మా దగ్గర చేరకముందు ఆవిడ టోఫూ, అదే సోయా జున్ను, అమ్మేది.

"ఇంజను సైకిలు మీద టోఫూ వేసుకుని ఊరంతా తిరిగినదాన్నిరా. ఒక్క ముక్క చిట్లలేదు. మీవాడు ఎముకే చిట్లగొట్టుకొచ్చాడు!"

మర్నాటి నుంచి తెల్లవారగానే సెన్‌కిచి తోలుకోటు, కళ్లద్దాలు తగిలించుకుని తెన్‌ర్యూ ఏటిగట్టు మీద తోలసాగింది. నిదానం రెండ్రోజుల ముచ్చటే. ఆ తర్వాత గట్టు మీద పొగ తప్ప మనిషి కనబడలేదు.

మా పోటీదార్లు హగురుమా కంపెనీవాళ్లు పొదల చాటున గడియారాలు పట్టుకు కూర్చునేవాళ్లు. ఒరిమోతో ఎక్కణ్ణుంచో గొప్ప రేసరును దించాడని ఊరంతా పొక్కింది. ఒకరోజు వాళ్ల మేనేజరు కుజిరాయ్ స్వయంగా మా వంటింటి గుమ్మంలోకొచ్చాడు.

"అక్కా, మీ కొత్త రేసరు పేరేంటి?"

"చెప్పకూడదు బాబూ. మహా సిగ్గరి."

"ఒక్కసారి మాట్లాడించవూ?"

"తినడానికి తప్ప నోరు తెరవడు. అదీ కాల్చిన మలుగుచేప అయితేనే."

ఆనాటి నుంచి రోజూ మలుగుచేపలు వచ్చాయి. షెడ్డంతా ఒళ్లు చేశాం. చివరికి కుజిరాయ్ విసిగిపోయాడు.

"మా దగ్గరికొచ్చేయమను. ఏం కావాలన్నా ఇస్తా."

టోమె అక్క పొయ్యి మీద చేపను తిరగేసింది. "బట్టలుతికే మిషను కావాలంటాడేమో."

"రేసరుకా?"

"శుభ్రం ఎక్కువండీ. రేపు పొద్దున్నే గట్టు మీదికి రండి, మీరే అడుగుదురుగాని."

మేం పొదల్లో దాక్కుని చూశాం. కుజిరాయ్ టోపీ చేతబట్టుకుని నిలబడ్డాడు. బండి రయ్యిన వచ్చి ఆగింది. కళ్లద్దాలు పైకెత్తి, మసి మొహంతో టోమె అక్క అడిగింది: "మిషను ఎప్పుడు పంపుతారు?"

కుజిరాయ్ నవ్వాడు, నవ్వి నవ్వి గట్టు మీదే కూలబడ్డాడు. "ఇచ్చిన మాట మాటే. మా ఇంజన్లు కూడా ఇలాగే తోలి పెట్టు."

ఆవిడ నిజంగానే వెళ్లిపోయింది. ఒరిమోతోగారు లబలబలాడారు: "బండి రహస్యాలు పోతే పోయాయి, చారెవరు కాస్తార్రా?"

రేసులో ఆడవాళ్లకు చోటివ్వలేదు. టోమె అక్క దారి పక్కన హగురుమావాళ్లతో నిలబడింది. ఆమె తోలి సాధుచేసిన వాళ్ల బండి ఆరోదిగా వచ్చింది. ఎముక అతుక్కున్న సెన్‌కిచి ఆఖరి చుట్టులో ఇంజను బిగుసుకుని ఆగిపోయి, మా బండిని నెట్టుకుంటూ కొండెక్కుతున్నాడు. అది చూసి ఆవిడ గబగబా వెళ్లి వెనకనుంచి చెయ్యేసింది.

"టోమె! నువ్విప్పుడు మా మనిషివి!" కుజిరాయ్ కేకేశాడు.

"జీతానికి మీ మనిషినే! ఈ ముండమోపి బండి మాత్రం నాదే!"

ఇద్దరూ కలిసి దాన్ని చివరిదాకా నెట్టారు. అందరికన్నా వెనకగా వచ్చారు. చప్పట్లు మాత్రం వాళ్లకే ఎక్కువ పడ్డాయి.