ఇంటికి ఒక చెయ్యి

తిరుత్తణిలో మా వీధికి గుడి ఉన్న కొండవైపు ఎత్తు, రైలుకట్ట వైపు పల్లం. వాన కురిస్తే పై ఇళ్ళ మురుగంతా దిగివచ్చి చివరి ఇంట్లోకి పోయేది. ఆ ఇల్లు మొగుడు పోయిన ఒక ఒంటరి మనిషిది. నేను బట్టల అంగట్లో గుమాస్తాగా ఉంటూ ఆ ఇంటి ముందుగదిలో అద్దెకుండేవాణ్ణి. ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి. మట్టిగోడలు, పైన పెంకులు. వెనక గోడ మొదట్లో చెమ్మ ఎండాకాలంలో కూడా ఆరేది కాదు. ఇంకొక వానాకాలానికి అది నిలవదని చూసిన వాళ్ళందరూ అనేవాళ్ళు. ఆమెకు ఆ ఇల్లు తప్ప వేరే దిక్కు లేదు.

ఊరు ఆంధ్రలో కలిసిన తొలి ఏళ్ళవి. ఉంటుందని కొందరు, మళ్ళీ మద్రాసు వైపే పోతుందని కొందరు. కాఫీ క్లబ్బులో, మంగలి అంగట్లో అదే రచ్చ. మా వీధిలో ఇళ్ళున్నవాళ్ళకు ఒక సంఘం ఉండేది. పోగైన చందాలతో వీధికి ఏదైనా మంచి చేద్దామనుకున్నారు. కింది ఇళ్ళవాళ్ళు మురుగుకాలువ అడిగారు. వాళ్ళలో అరవం మాట్లాడేవాళ్ళు ఎక్కువ. పై ఇళ్ళవాళ్ళు వీధి మొగదలలో రాతి కమాను కట్టి, దానిమీద వీధి పేరు తెలుగులో చెక్కించాలన్నారు.

ఆదివారం పొద్దున సెక్రటరీ ఇంటి వసారాలో సభ. కింది ఇళ్ళలో ఒక కమ్మరి ఉండేవాడు, అరవం మనిషి, తెలుగు బాగా మాట్లాడేవాడు. ఆయనే మొదలుపెట్టాడు.

"మొక్కు కావిళ్ళెత్తుకోని కొండకొచ్చే జనమంతా అరవదేశం నుంచే గదప్పా! మీ రాయి ఎవురు సదవాల?"

"సదవలేకపోతే నేర్చుకోనీ," అన్నాడు సెక్రటరీ.

"నేర్చుకునేలోపల మీ మురుగులో జారి పడతారు లేన్నా!"

అందరూ నవ్వారు. అంతలో వెనకనుంచి ఎవరో, "కాలవ కావాలనేవోడు అరవోళ్ళ పక్క. కమాను కావాలనేవోడు మన పక్క," అన్నాడు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్ళయినా నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మురుగుకు కూడా ఒక భాష అంటగట్టారు!

మా సంఘంలో ఇంటికి ఒక చెయ్యి. ఆడవాళ్ళు సభకు రారు. మగవాడు లేని ఇంటి చెయ్యి దగ్గరి బంధువు ఎత్తుతాడు. అది ఎవరూ రాసుకున్నది కాదు, వాడుక. అక్క మరిదికి కొండదారిలో కొబ్బరికాయల అంగడి, పై ఇళ్ళలో కాపురం. కమానుకు చేతులెత్తమనగానే ఆయన రెండు చేతులూ ఎత్తాడు.

"ఇది నాది, ఇది మా వదినది."

ఆ రెండో చేతితోనే కమాను గెలిచింది. అది ఇటువైపు పడివుంటే కాలువే గెలిచేది. నేను లేచి, "ఆమెను అడిగినావా?" అని అరిచాను.

"బాడుక్కుండేవోడికి ఈడ నోరు లేదప్పా, కూర్చో," అన్నాడు సెక్రటరీ.

కూర్చోలేదు. ఇంటికి పోయి చెప్పాను. అక్క పిండి రుబ్బుతూ ఉండింది. పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నా వెంట వచ్చి, వసారా మెట్టు దగ్గర నిలబడి, చెయ్యెత్తింది. మగవాళ్ళంతా తలలు తిప్పుకున్నారు.

"ఆ ఇంటి చెయ్యి ముందే లేసిపోయింది గదమ్మా," అన్నాడు సెక్రటరీ. "ఇంటికి ఒగటే."

ఆమె మరిది వైపు తిరిగింది. "యాడిది నీకు నా చెయ్యి?"

"కోపం చేసుకోవద్దు వదినా. అన్న ఉన్నా ఇదే చేసుండును."

"మీ అన్న ఉన్నన్నాళ్ళూ ఆయన చెయ్యి ఆయన ఎత్తుకున్నాడు. నాది ఎప్పుడెత్తినాడు?"

కమ్మరి ఒక్కడే లేచి, తుండుగుడ్డ దులుపుకుని వెళ్ళిపోయాడు. తీర్మానం మాత్రం తీర్మానమే అన్నారు.

కమాను లేచింది. దండలు వేశారు, బొరుగులు, బెల్లం పంచారు. ఆ ఏడు ఐప్పశి నెలలో, దీపావళి నాటి వానలకు అక్క ఇంటి వెనకగోడ వంటింటి మీదికి కూలింది. ఆమె అప్పుడు బావి దగ్గర ఉంది కాబట్టి బతికింది. సంఘంవాళ్ళు గొడుగులు వేసుకుని పరామర్శకు వచ్చారు. గోడకు తలా కొంచెం సాయం చేస్తామన్నారు.

"దానికీ చేతులెత్తుకోని వచ్చినారా?" అని అడిగింది అక్క. సాయం తీసుకోలేదు. కూలిన ఇంటిని కొంటామని వేరే ఎవరూ అడగలేదు. మరిది ఇస్తానన్న ధరకే అమ్మేసి, మద్రాసు దగ్గర మింజూరులో ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. నేను ఆమె పెట్టె రైల్లో పెట్టాను. ఒకరి పంచన ఉండటం ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఏమని ధైర్యం చెప్పాలి?

నేను వేరే వీధిలో గది చూసుకున్నాను. మరిది ఆ ఇంటికి ఇటుకగోడ కట్టించి, కొబ్బరికాయల బస్తాలు వేసుకున్నాడు. మరుసటి వానలకు బస్తాలు తడిసిపోయాయి. తరువాతి సభలో కాలువ కావాలని అందరికంటే ముందు లేచి అడిగింది ఆయనేనట. ఎవరూ కాదనలేదట, భాష మాట కూడా ఎత్తలేదట. కమ్మరే వచ్చి ఈ సంగతి నాకు చెప్పాడు. చేతిలో కాఫీ ఉంది, తాగబుద్ధి కాలేదు.