మిరప కళ్ళంలో గొంగళి

ఒక్క ప్రార్థనతో మా ఊరి మిరపకాయలన్నిటినీ ఎందుకూ పనికిరాని తాలుకాయలు చేయబోయిన మహానుభావుణ్ణి నేనే. ఈ మాట ఇప్పటి పిల్లలు నమ్మరు. మా ఊరివాళ్ళు మాత్రం నమ్మడమే కాదు, కాయలు ఆరబోసే రోజుల్లో నేను ఊళ్ళోకి వెళితే ఇప్పటికీ "ఏరా దాసూ, ప్రార్థనలేం చేయట్లేదు గదా?" అని కుశలం అడుగుతారు. ఎంత పెద్ద భక్తుడికైనా ఇంతటి గౌరవం దొరకదు. ఆ ముచ్చట చెబుతాను. నవ్వండి, తప్పులేదు. కానీ పూర్తిగా విన్నాక నవ్వండి. పూర్తిగా వినకపోవడం వల్లే నాకా గతి పట్టింది.

ఎనభైల్లో సంగతి. మాది గురజాల దగ్గర పల్లె. నాకు ఇరవై ఏళ్ళు. ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్నాను. పొలంలో నాన్నకి సాయపడుతున్నానని నేను, కాళ్ళకి అడ్డం పడుతున్నానని ఆయన అనుకుంటున్న రోజులు. అలాంటప్పుడు నరసరావుపేట నుంచి మా మేనమామ కబురు పంపాడు. అక్కడో సినిమా హాల్లో గేటు దగ్గర టిక్కెట్లు చింపే ఉద్యోగం ఖాళీగా ఉందట, సోమవారం వచ్చి చేరమన్నాడు. ఆలోచించండి. రోజంతా సినిమాలు చూడటం, దానికి ఎదురు జీతం తీసుకోవడం. జిల్లా కలెక్టరుకి కూడా ఆ సౌఖ్యం లేదు.

సరిగ్గా ఆ మర్నాడే మా సంఘం పాస్టరుగారు, ఊరంతా అయ్యగారూ అని పిలిచే పెద్దమనిషి, మా వాకిట్లో సైకిలు దిగారు.

"ఒరేయ్ దాసూ, నాగులేరు అవతల పల్లెలో మనవాళ్ళు ప్రార్థనకి పాక వేసుకున్నారు, తెలుసుగా? అక్కడికి ఒక మనిషి కావాలిరా. పాటలు పాడించాలి, వాక్యం చదివి వినిపించాలి. ప్రార్థనలో ఉంటే నీ పేరే మనసులోకి వచ్చింది. ఈ ఆదివారం..."

నేను విన్నది అంతవరకే. ఆ తర్వాత నా చెవులు పనిచేయడం మానేశాయి. గడ్డం పెరిగి, చంకలో సంచితో, సినిమా మొహం ఎరగకుండా ఆ పాకలోనే ముసలివాణ్ణయిపోయిన నా రూపం కళ్ళ ముందు కనబడింది. కాదని చెబుదామంటే మా అమ్మ గడప దగ్గర నిలబడి అప్పుడే సంతోషంతో కళ్ళొత్తుకుంటోంది. అందుకని ముఖం నిండా భక్తి పులుముకుని, ఆయన మాటకి అడ్డంపడ్డాను.

"దేవుడి చిత్తం తెలుసుకోవాలి గదా అయ్యగారూ."

"దీనికి చిత్తమెందుకురా? చిన్న పని."

చిన్న పనట! మనిషి జీవితం మొత్తం ధారపోయడం ఆయనకి చిన్న పని. ఎంత పరిశుద్ధుడో అనుకుని లోపల్లోపల దణ్ణం పెట్టాను.

"అయినా సరే, ఒక గుర్తు అడుగుతానయ్యగారూ."

"అడుగు. ఆ అడిగేదేదో త్వరగా అడుగు," అని నవ్వుకుంటూ సైకిలెక్కారు.

గుర్తు సంగతి నేను కనిపెట్టింది కాదు. బైబిలు పాత నిబంధనలో ఒక న్యాయాధిపతి ఉన్నాడు. దేవుడు ఆయన్ని యుద్ధానికి పొమ్మన్నాడు. పిలిచింది నిజంగా నన్నేనా అని ఆయనకి అనుమానం. కళ్ళంలో గొర్రెబొచ్చు పరుస్తాను, తెల్లారేసరికి బొచ్చు మంచుకి తడిసి చుట్టూ నేల పొడిగా ఉంటే నమ్ముతానన్నాడు. అలాగే జరిగింది. మర్నాడు తిరగేసి, బొచ్చు పొడిగానూ నేల తడిగానూ ఉండాలన్నాడు. అదీ జరిగింది. ఆయన నమ్మడానికి అడిగాడు, నేను ఎగ్గొట్టడానికి అడిగాను. తేడా అంతే. ఎందుకంటే ఆయన దేశంలో మంచు పడుతుంది. మా పల్నాడులో మార్చి నెలలో మంచు మాట దేవుడెరుగు, మనిషికి పట్టిన చెమటే చొక్కా దాకా చేరకుండా ఆరిపోతుంది.

మాకు గొర్రెలు లేవు. పక్కింటి గంగయ్య బాబాయికి గొర్రెలూ ఉన్నాయి, గొంగళీ ఉంది.

"ఒక్క రాత్రికి గొంగళి ఇవ్వు బాబాయ్."

"ఈ ఎండల్లో గొంగళేందిరా? చలిజొరమా?" అని నుదురు పట్టి చూసి మరీ ఇచ్చాడు.

దాన్ని తీసుకెళ్ళి మా కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల నడుమ పరిచాను. "ప్రభువా, ఇది తడిసి చుట్టూ కాయలు పొడిగా ఉంటే నాగులేరు దాటుతాను. లేకపోతే నరసరావుపేట" అని విన్నవించుకుని ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను. కలలో బోలెడు టిక్కెట్లు చింపాను.

తెల్లారి వెళ్ళి చూద్దును గదా, గొంగళి తడిసి ముద్దగా ఉంది. చుట్టూ కాయలు ముట్టుకుంటే గలగలమంటున్నాయి. ఇక నాగులేరు దాటక తప్పదనుకున్నాను. అంతలో వేపపుల్ల నములుతూ గంగయ్య బాబాయి వచ్చాడు.

"నేనే ఉతికానబ్బాయ్. తెల్లారగట్ట ఇటు పోతా చూత్తే నిండా మిరప ఘాటు. ఇట్టాగే కప్పుకుంటే ఒళ్ళు మండి చావనా? బోరింగు కాడ ఉతికి, పిండి, నీకు మళ్ళీ కావాలేమోనని నువ్వేసిన కాడే ఆరేశా."

పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులోనే అయ్యగారింటికి పరిగెత్తాను.

"అయ్యగారూ, గొంగళి తడిసింది గానీ అది లెక్కలోకి రాదండీ. గంగయ్య బాబాయి ఉతికాడు."

అయ్యగారు తాగుతున్న కాఫీ గ్లాసు కింద పెట్టారు. "ఎవరూ? గంగయ్యా? గొంగళి ఉతికాడా?"

"అవునండీ."

"ఒరేయ్, అది వాడి పెళ్ళినాటి గొంగళి. ఇంతవరకూ నీళ్ళు చూసి ఎరగదు. పెళ్ళాం పుట్టింటికి పోతానని బెదిరించినా ఉతకని మనిషి, ఇవాళ తనంతట తానే లేచి ఉతికాడంటే, అది దేవుడు కాక ఇంకెవరు చేయిస్తారు? మంచు కురిపించడం ఆయనకి తేలికరా. గంగయ్య చేత గొంగళి ఉతికించాడు చూడు, అదీ అద్భుతం!"

దీనికి జవాబు మీ దగ్గరుంటే చెప్పండి.

"ఇంత చిన్నదానికి అద్భుతం కూడా చూశావు. ఇక పేచీ పెట్టకుండా ఆదివారం పొద్దునకల్లా అక్కడుండు. వాళ్ళకి నువ్వొస్తావని కబురు పంపాను. నేను మాచర్లలో ప్రార్థన కూడికలకి పోతున్నా, మంగళవారం గానీ రాను," అని సంచి సర్దుకున్నారు.

బుద్ధిమంతుడైతే అక్కడితో ఆగేవాడు. నాకు మాత్రం ఆ న్యాయాధిపతి రెండోసారి కూడా అడిగాడన్న సంగతి గుర్తొచ్చింది. ఆయనకిచ్చిన రెండో అవకాశం నాకు మాత్రం ఎందుకివ్వరు? శనివారం సాయంత్రం మా ఇంట్లో కూడిక జరిగింది. వరుసగా ఒక్కొక్కరూ ప్రార్థన చేస్తున్నారు. నా వంతు రాగానే పదిమందీ మెచ్చుకునేలా గొంతెత్తాను.

"ప్రభువా, గొంగళి మళ్ళీ పరిచాను. ఈసారి గొంగళి పొడిగా ఉండాలి. చుట్టూ కళ్ళమంతా తడిసిపోవాలి. బాగా తడిసిపోవాలి తండ్రీ!"

ఎవరూ ఆమెన్ అనలేదు. కళ్ళు తెరిచి చూస్తే అందరూ నన్నే చూస్తున్నారు. నాన్న ముఖం పండుమిరపకాయలా ఉంది.

"ఏందిరా నువ్వడిగేది? కళ్ళంలో ఏముంది?"

"నేల, నాన్నా."

"నేల మీద?"

అప్పుడు వెలిగింది. "మిరపకాయలు."

"ఏడాది కట్టంరా అది! తడిస్తే తాలుకాయ. ఎవుడూ మొకాన చూడడు. ఆనక ఏం తింటాం, నీ గొంగళా?"

"మన కళ్ళం వరకే అడిగాను నాన్నా, ఊరందరివీ కాదు."

"మబ్బుకి ఎవుడి గట్టు యాడుందో తెలుసంట్రా?"

మామూలుగా అయితే నా ప్రార్థనని మా ఇంట్లో పిల్లి కూడా పట్టించుకోదు. కానీ గంగయ్య గొంగళి ఉతికిన సంగతి అప్పటికే ఊరంతా పొక్కింది. ఆ పని చేయించగలిగిన ప్రార్థనకి వానొక లెక్కా? దీపాలు పెట్టే వేళకి మా వాకిలి నిండా రైతులు. వాళ్ళకి ముందు మస్తాన్ మామ. ఆయన మిరపకాయల వ్యాపారి, కొన్న సరుకంతా మా పక్క కళ్ళంలోనే ఆరుతోంది.

"దాసూ, ఆ ప్రార్థన ఎనక్కి దీసుకో నాయనా."

"ఎనక్కి ఎట్టా తీసుకుంటారు మామా?"

"నాకేం తెలుసు? పంపినోడివి నువ్వు. ఎండ కొట్టాలని నేను దువా చేత్తంటే, తడవాలని నువ్వడిగితివి. పైనున్నోడు ఒక్కడే గదరా, ఎవురి మాట ఇనాల?"

గత్యంతరం లేక కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఇందాకటిది కొట్టెయ్యి" అని గొణిగాను.

"గట్టిగా జెప్పు," అన్నాడు మస్తాన్ మామ. "ఇందాక ఊరంతా ఇనబడేట్టు అరిచావంట గదా, ఇదీ అట్టాగే అరువు."

అరిచాను. అయినా ఎవరికీ నమ్మకం కుదరలేదు. ఇళ్ళకి పోయి టార్పాలిన్లు, గోతాలు, పాత చాపలు, ఏది దొరికితే అది కళ్ళాలకి చేరేశారు.

ఆదివారం తెల్లారింది. నేనుండవలసింది నాగులేరు అవతల. ఉన్నది మా చర్చిలో. రెండో గుర్తుని ఊరివాళ్ళు కొట్టేయించారు, అది తేలకుండా ఎలా వెళతాను? పైగా జీవితాంతం పోయేవాడికి రెండు రోజులు అటూ ఇటూ అయితే దేవుడు మాత్రం ఏమనుకుంటాడు? ఇలా నా లెక్కలో నేనుండగా, సంఘపెద్ద ప్రార్థన మొదలుపెట్టగానే వినుకొండ వైపు ఉరిమింది. ఆమెన్ కోసం ఎవరూ ఆగలేదు. కిటికీ పక్కనున్నవాళ్ళు కిటికీలోంచే వెళ్ళారు.

మా కళ్ళంలో నాన్న, అమ్మ, నేను కాయల్ని నడిమికి లాగి కుప్పపోసి టార్పాలిన్ కప్పాం. కప్పీ కప్పగానే వాన విరుచుకుపడింది. అది వెలిశాక చూస్తే నేలంతా బురద. నాన్న టార్పాలిన్ ఎత్తి కుప్పలోకి చెయ్యి పెట్టాడు. కాయలు పొడిగా ఉన్నాయి. ఇంకా లోపలికి పెట్టి నల్లటిదేదో బయటికి లాగాడు. గొంగళి! తీయడం మర్చిపోయి దాని మీదే కుప్ప పోశాం. అదీ పొడిగా ఉంది.

"ఒరేయ్, పొడి గొంగళి! తడి నేల!" అని నాన్న కేకేశాడు. నేను అక్కడే బురదలో చతికిలబడ్డాను.

ఇక చూడండి నా వైభవం. పక్క ఊళ్ళలో కాయలు తడిశాయట. మా ఊళ్ళో నా ప్రార్థనకి భయపడి అన్నీ సిద్ధం చేసుకున్నారు కాబట్టి ఒక్క కుప్ప కూడా తడవలేదు. రాత్రి నన్ను తిట్టినవాళ్ళే పొద్దున వచ్చి నా చేతులు పట్టుకున్నారు. మస్తాన్ మామ నన్ను వాటేసుకుని ఏడ్చాడు. "రెండు గుర్తులూ వచ్చినై. నా కొడుకు దేవుడి మనిషి. జీవితమంతా ఇక ఆ పల్లెకే" అని నాన్న ఊరంతా చాటేశాడు. సోమవారం వెళ్ళి చేరలేదు గనక సినిమా హాలువాళ్ళు ఇంకొకణ్ణి పెట్టుకున్నారు.

మంగళవారం నన్ను డప్పులతో సాగనంపారు. మెడలో బంతిపూల దండ. ఎద్దులబండిలో ట్రంకు పెట్టె, పరుపు, అమ్మ ఇచ్చిన పచ్చడి జాడీ. ఊరి చివరకొచ్చేసరికి ఎదురుగా బస్సు ఆగింది. మాచర్ల నుంచి వస్తున్న అయ్యగారు దిగారు.

"ఏందిరా ఇది? ఎవరి పెళ్ళి?"

"పెళ్ళి కాదయ్యగారూ, సేవకి వెళ్తున్నాను. రెండో గుర్తు కూడా వచ్చింది."

"ఇప్పుడా వెళ్ళేది? ఆదివారం వెళ్ళలేదూ?"

"జీవితాంతం ఉండేవాణ్ణి గదా, రెండ్రోజులు ఆలస్యమైతే ఏముందని..."

"జీవితాంతం ఉండమని ఎవరన్నార్రా నిన్ను? అక్కడ వాక్యం చెప్పే పంతులుగారు కూతురి పెళ్ళికి ఊరెళ్తున్నాడు, ఈ ఆదివారం ఒక్కటీ నువ్వెళ్ళి పాటలు పాడించి, భోంచేసి, సాయంత్రానికి వచ్చెయ్యి అని చెప్పబోయాను. మాట పూర్తి కానిచ్చావా?"

డప్పులు ఆగిపోయాయి. నాన్న నన్ను చూసిన చూపు నేను చెప్పను, మీరే ఊహించుకోండి.

"మరి... అక్కడివాళ్ళు?"

"ఏం చేస్తారు? వస్తానన్నవాడు వస్తాడని, ఆ కారే పాకలో మధ్యాహ్నం దాకా కూర్చున్నారట. బస్సులో ఆ ఊరివాళ్ళే చెప్పారు."

సిగ్గుతో నా తల బంతిపూల దండలోకి దిగిపోయింది. ఆ గొడవంతటిలో నేను దేవుణ్ణి తలుచుకున్నాను, సినిమాని తలుచుకున్నాను, గొంగళినైతే నిద్రలో కూడా తలుచుకున్నాను. ఆ పాకలో కూర్చునేవాళ్ళని ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

"ఇప్పుడేం చేయమంటారయ్యగారూ?"

"వెళ్ళి తప్పయిందని చెప్పు. దానికి గుర్తు అక్కర్లేదు."

బండి నాగులేరు దాటింది. పాక ముందు ఒక అవ్వ చీపురు పుల్లలు ఏరుకుంటోంది. నన్నూ, నా దండనూ, పెట్టెనూ, పరుపునూ వరసగా చూసింది.

"ఆదోరం రావాల్సినోడివి నువ్వేనా?"

"నేనేనవ్వా. తప్పయింది."

"ఏం పనిబడింది నాయనా?"

"రావాలో వద్దో దేవుణ్ణి అడుగుతున్నానవ్వా."

"అయ్యో, మమ్మల్ని అడిగితే చెప్పేవోళ్ళం గదా," అంది ఆమె. "నీకోసం నాటుకోడి కోశాం. చూసి చూసి, చల్లారిపోతందని మేమే తిన్నాం. చానా బాగా కుదిరిందిలే."

పరుపుతో సహా సాగనంపిన ఊరికి సాయంత్రానికే తిరిగెళ్ళడానికి మొహం చెల్లక, ఓ నాలుగు రోజులుండి పిల్లలకి పాటలు నేర్పుదామనుకున్నాను. ఆ నాలుగు రోజులు ఏళ్ళయ్యాయి. ఆ సంతోషం గురించి ఇంకెప్పుడైనా అడిగితే చెబుతాను, ఇక్కడ చెబితే నవ్వులాట కాస్తా చర్చిలో చెప్పే సాక్ష్యమైపోతుంది.

అన్నిటికన్నా ముందు, ఆ మంగళవారం ఖాళీ కడుపుతో, మెడలో దండతో, భూమ్యాకాశాల సాక్షిగా ఒక ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇక గుర్తులు అడగను. పిలిచేది దేవుడైనా, అయ్యగారైనా, పక్కింటి గంగయ్య బాబాయే అయినా, ముందు "వస్తున్నా" అంటాను, ఆ తర్వాత మాట ఆఖరి దాకా వింటాను. దేవుడు ఎంతకాలమైనా ఓపిక పడతాడు. కోడికూర పట్టదు.