బహదూర్ చూసిన ఎడమపక్క నెలవంక

మా బావ నూర్‌బాషా బహదూర్ గురించి రాయమని మా సంఘం పిల్లలు అడిగారు. నాది ఊరిబడి చదువు, అయిదో తరగతితో సరి. అయినా బావ గురించి రాయడానికి ఆ మాత్రం చాలు, ఎందుకంటే సరుకంతా ఆయన దగ్గరే ఉంది.

ఆయన చేసిన పనులు ముందు చెబుతాను. చీరాల చుట్టుపక్కల పద్దెనిమిది ఊళ్ళలో దూది ఏకి పరుపులు కుట్టాడు. ఆయన కుట్టిన పరుపు మీద పుట్టిన పిల్లలకి ఇప్పుడు మనవలున్నారు. యాభై ఏళ్ళ వయసులో కొడుకు రుమాన్ వెంట పెర్త్ వచ్చి, కానింగ్‌వేల్‌లో పరుపుల ఫ్యాక్టరీలో చేరాడు. ఇంగ్లీషు రాదు. పరుపులో మిషను పట్టుకోలేని గడ్డని అరచేత్తో నొక్కి చూపించేవాడు. పదకొండేళ్ళలో ఆయన సరే అన్న పరుపు ఒక్కటి కూడా తిరిగి రాలేదు. రిటైరైన రోజున సూపర్‌వైజరే కారు తోలి హారిస్‌డేల్‌లో ఇంటి దగ్గర దింపాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన చూపు ఒక ఎత్తు. పన్నెండేళ్ళప్పుడు మా ఊరి మసీదు మిద్దె మీద పెద్దవాళ్ళంతా కళ్ళు చికిలించుకుంటూ నిలబడితే, తుమ్మచెట్టు కొమ్మల సందున నెలవంకని మొదట చూసింది ఆయనే. అప్పటినుంచి ఊళ్ళోనూ ఇక్కడా కలిపి ముప్ఫై ఒక్క రంజాన్ నెలవంకలకి సాక్ష్యం చెప్పాడు. ఒక్కటీ తప్పు కాలేదు. ఇక్కడి మా నమాజు హాలు కమిటీ కంటితో చూసిన చంద్రుణ్ణే ఒప్పుకుంటుంది. బావ చూశానంటే నాలుగొందల ఇళ్ళలో పండగ.

ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆయన చంద్రుణ్ణి మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. మన ఊళ్ళో పొద్దు గూకిన చోటుకి పైన, ఎక్కువసార్లు కాస్త ఎడమకి ఒరిగి ఉంటుంది కొత్త నెలవంక. భూమికి ఇటువైపు అది కుడిపక్కకి పోతుంది. మొదటి రెండేళ్ళు ఎడమపక్కే వెతికి వెతికి మెడ పట్టేసింది పాపం. తరవాత అలవాటైంది. అలవాటైందనే అనుకున్నాం.

ఒక ఏడు రంజాన్ నెలలో ఇరవై తొమ్మిదో ఒక్కపొద్దు సాయంత్రం కూజీ బీచికి వెళ్ళాం. నేను, బావ, కమిటీ సెక్రెటరీ ఆమిర్. ఆమిర్ హైదరాబాదు కుర్రాడు, ఫైనాన్స్ ఉద్యోగం. ఖర్జూరంతో ఒక్కపొద్దు విడిచి, నమాజు చేసుకుని, సముద్రం వైపు తిరిగాం.

"అంకుల్, యాప్‌లో చూస్తే ఇవాళ మూన్ చాలా లో. కనబడడం డౌటే," అన్నాడు ఆమిర్, బైనాక్యులర్ కుడిపక్కకి తిప్పుతూ.

"నీ ఫోనుకి కళ్ళున్నాయా నాయనా?" అన్నాడు బావ.

అంతలోనే ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. "బావా, అదుగో. మన ఊళ్ళో కనపడ్డట్టే."

సన్నని వెండి గీత, రెండు కొసలూ వంపు తిరిగి, గోటి అంచులా ఉంది. నాకూ కనపడింది. బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమిర్ బైనాక్యులర్ ఇటు తిప్పేసరికి మేఘం అడ్డం వచ్చేసింది. ఇద్దరు సాక్షులు సరిపోతారు కాబట్టి అక్కడే రిజిస్టరులో సంతకాలు పెట్టాం. ఆమిర్ ఫోన్లో మెసేజీ పెట్టాడు. మేం కారెక్కేలోపే 'ఈద్ ముబారక్'లు మొదలయ్యాయి.

ఇంటికొచ్చేసరికి మా చెల్లెమ్మ లతీఫా, అంటే బావ భార్య, షీర్ ఖుర్మా పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టేసింది. మనవరాలు యుస్రా ఒక చేతికి గోరింటాకు పెట్టించుకుని, రెండో చేత్తో ఫోను చూస్తోంది. పద్నాలుగేళ్ళ పిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో.

"తాతా, వాట్ యు సా... ఇది కాదు కదా?" అంటూ ఫోను చూపించింది.

ఎవరో బీచిలోనే తీసిన వీడియో. మేం చూసిన వెండి గీతే. మేఘం పక్కకి తప్పుకున్నాక అది వెడల్పయింది, విసనకర్రలా విచ్చుకుంది, చివరికి పొగలా చెదిరిపోయింది.

"చైనీస్ రాకెట్ అట తాతా. లాంగ్ మార్చ్. సాటిలైట్‌ని స్పేస్‌లో వదిలేశాక మిగిలిన ఫ్యూయల్ బయటికి వదిలేస్తుందట. మనకి సన్‌సెట్ అయిపోయినా పైన ఎండ ఉంటుంది కదా, అందుకే షైన్ అయింది." కంగారులో సగం తెలుగే మాట్లాడింది ఆ పిల్ల.

"రాకెట్టుకి కొమ్ములుంటాయా అమ్మా?" అన్నాడు బావ.

"మళ్ళీ చూడు."

బావ ఫోను తీసుకుని దూరంగా పట్టుకున్నాడు. పొద్దు గూకిన ఎరుపు బొమ్మకి కుడి కొసన ఉంది. వెండి గీత ఎడమ కొసన ఉంది. చాలాసేపు చూశాడు.

"ఎడమపక్క," అన్నాడు మెల్లగా. "పద్దెనిమిదేళ్ళుగా కుడిపక్క చూస్తున్నాను బావా. ఇవాళ ఎడమపక్క కనపడితే ఎందుకు కనపడిందని అడగలేదు. ఊరి చంద్రుడొచ్చాడని సంబరపడ్డాను."

టైము ఏడూ పది. ఇంకో అరగంటలో ఇషా, అంటే రాత్రి నమాజు. రేపు పండగైతే, రంజాన్ రాత్రుల్లో దాని తరవాత చదివే తరావీ నమాజు ఇవాళ లేదు. కాకపోతే ఉంది, రేపు ఒక్కపొద్దూ ఉంది. ఈ అరగంటలో బావ నోరు విప్పకపోతే నాలుగొందల ఇళ్ళవాళ్ళు ఒక ఒక్కపొద్దు ఎగ్గొట్టినట్టే.

నేనే అడ్డుపడ్డాను. దాచడం దేనికి. "కళ్ళకి కనపడిందే చెప్పాం కదా. తెలిసి చేసిన తప్పు కాదు. ముప్ఫై ఒక్క సాక్ష్యాల మనిషివి, ఇప్పుడు వెళ్ళి నలుగురిలో నవ్వులపాలు కావాలా?"

"నవ్వులపాలయ్యేది నేనొక్కణ్ణే. ఒక్కపొద్దు పోయేది అందరికీ," అని చెప్పులేసుకున్నాడు.

లతీఫా పొయ్యి కట్టేసింది. "వెళ్ళిరండి. పాలు ఫ్రిజ్‌లో పెడతాను. ఒక్కరోజుకి విరిగిపోవులే," అంది.

మా నమాజు హాలు అప్పటికే పండగ ఇల్లులా ఉంది. ఒక మూల గోరింటాకు కోసం ఆడపిల్లల వరస, ఇంకో మూల పిల్లలకి బెలూన్లు. బావ తిన్నగా మైకు దగ్గరికి వెళ్ళాడు. ఉర్దూ అంతంతమాత్రం, ఇంగ్లీషు సున్నా. తెలుగులోనే చెప్పాడు, ఆమిర్ ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది.

"అయ్యా, సాయంత్రం నేను చూసింది నెలవంక కాదు. చైనావాళ్ళ రాకెట్టు వదిలిన పొగ. నా సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నాను. రేపు ఒక్కపొద్దు ఉండండి."

బెలూన్ల పిల్లల్లో ఒకడు, "సో ఈద్ క్యాన్సిలా?" అన్నాడు.

వెనక నుంచి ఒక సామాన్ల కొట్టు ఆసామి, ఆయనదీ హైదరాబాదే, గొంతెత్తాడు. "ఏం బహదూర్ భాయ్, నా కొట్లో ఉన్నది చైనా మాలు అని ఏడాదంతా వెక్కిరిస్తావు. ఇప్పుడు నువ్వే చైనా చంద్రుణ్ణి తెచ్చినవా?"

హాలంతా ఒక్కసారిగా నవ్వింది. బావ కూడా నవ్వాడు. "నీ మాలు కన్నా గట్టిది భాయ్, రెండు నిమిషాలు నిలబడింది," అన్నాడు.

అప్పుడు నేనూ లేచాను. "రెండో సాక్షిని నేను. నేను చూసింది కూడా అదే," అన్నాను.

ఇమాం గారు బావని ముందు వరసలో తన వెనకే నిలబెట్టుకుని తరావీ మొదలుపెట్టారు. ఒక చేతికే గోరింటాకు పెట్టుకున్న ఆడపిల్లలు ఆ చెయ్యి అలాగే ఎత్తిపట్టుకుని నిలబడ్డారు.

మర్నాటికి ముప్ఫై ఒక్కపొద్దులు నిండాయి, నెల అంతకు మించదు కాబట్టి చంద్రుణ్ణి చూడక్కర్లేదు. అయినా సాయంత్రం బీచికి నలభై కార్లు వచ్చాయి. కుడిపక్కన, ఎవరూ వేలు పెట్టి చూపించనక్కర్లేకుండా నెలవంక ఉంది.

"తాతా, లెఫ్ట్ కూడా చెక్ చెయ్యి," అంది యుస్రా.

ఆయన నిజంగానే ఎడమకి తిరిగి, ఆకాశం ఆ చివరిదాకా చూశాడు. తరవాతే చేతులెత్తి దువా చేశాడు.

పండగయ్యాక రిజిస్టరులో మా సంతకాలున్న పేజీ చింపేద్దామన్నాడు ఆమిర్. బావ ఒప్పుకోలేదు. ఆ సంతకాలు కొట్టేసి, గీత కింద తన చేత్తో తెలుగులో 'చైనా రాకెట్టు' అని రాసి తారీఖు వేశాడు. కమిటీ వాళ్ళు సాక్షుల కాగితంలో కొత్త ప్రశ్న ఒకటి చేర్చారు. పొద్దు గూకిన చోటుకి ఏ పక్క? ఆ ప్రశ్న అడిగే పని బావకే అప్పగించారు.

మొన్న బక్రీదు నెలకి ఆమిరే పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అంకుల్, కనిపించింది. సెంట్ పర్సెంట్ షూర్."

బావ తాపీగా కళ్ళజోడు పెట్టుకుని, పెన్ను మూత తీశాడు.

"కూర్చో నాయనా. ఏ పక్క?"