పోలీసు చొక్కాకి కత్తెర

రాయగడలో నాటకం డ్రెస్సు ఎక్కడ దొరుకుతుందని ఎవర్నడిగినా నారాయణమ్మ కొట్టే చూపిస్తారు. రాముడి కిరీటం, యముడి గద, పోలీసు టోపీ అన్నీ అక్కడ అద్దెకు దొరుకుతాయి. పెనిమిటి అసిరయ్య శ్రీకాకుళం వైపు నుంచి ట్రంకు పెట్టెలతో వచ్చి పెట్టిన కొట్టు అది. పోయేముందు ఆయన గట్టిగా చెప్పిన మాట ఒక్కటే: "అద్దె బట్టకి కత్తెర పెట్టకే. ఇయ్యాళ సన్నోడు తొడుగుతాడు, రేపు లావోడు." అందుకే ఎవరికి వదులైనా మడిచి టాకాలు వేయడం, ఆట అవగానే దారం లాగేయడం.

ఆ టాకాలు వేసేది మాలతి. బిస్సమ్ కటక్ అవతల కొండమీది ఊరి పిల్ల, కోందు తెగ.

ఈ దసరాకి వీధి కమిటీ కుర్రాళ్లు నలుపు తెలుపు కాలంనాటి నేరాల సినిమాల ఫక్కీలో నాటకం కట్టారు. అందులో ఇన్‌స్పెక్టరు వేషం వేయాలని మాలతికి ప్రాణం. మిషను తొక్కుతూనే మాటలన్నీ బట్టీ పట్టేసింది. రిహార్సలుకు వెళ్లి అడిగింది కూడా. వాళ్లు నవ్వేస్తే తిరిగొచ్చి మళ్లీ సూది అందుకుంది.

మర్నాడు కమిటీ నడిపే జగన్ వచ్చాడు.

"మామ్మా, పోలీసు డ్రెస్సు నాకు. దొంగలకి పూసల దండలు, ఈకలు, మొహాలకి నల్లరంగు."

"నల్లరంగెందుకురా?"

"పాత సినిమాల్లో దొంగల గుహంటే అలాగే ఉంటాది కదేటి. గుహలో డాన్సుకి మాలతిని పెట్టేం. దానికి రంగు కూడా అక్కర్లేదు." నవ్వాడు.

మాలతి మిషను ఆగింది.

నారాయణమ్మ చిన్నప్పుడు డేరా హాల్లో నేలమీద కూర్చుని అలాంటి సినిమాలు బోలెడు చూసింది. నగలు పోయేది బంగళాలో, వెతికేది కొండల్లో. మెడలో పూసలు కనబడ్డాయా, దొంగ దొరికినట్టే. మెడలో పూసలతోనే పక్కన కూర్చున్న కొండజనం, తమవాడు ఒక్కడైనా పోలీసవుతాడేమోనని చూసి చూసి, బట్టలు దులుపుకుని లేచిపోయేవారు.

"ఒరే, ఆ సినిమాల్లో ఇన్‌స్పెక్టరుకి ఇంత పొట్ట ఉండేది. నీకుందేటి? పాతది పాతలాగే ఉండాలంటే ముందు పొట్ట పెంచుకుని రా."

"అది కాదు మామ్మా, జనం ఒప్పుకోరు."

"జనాన్ని అడిగొచ్చేవేటి? అమ్మీ, నువ్వు సెప్పు. నీకేటి కావాల?"

మాలతి లేచింది. చేతిలో ఉన్న కొలబద్ద జగన్ గుండెకు గురిపెట్టింది.

"చేతులెత్తు!"

జగన్ చేతులు సగానికి లేచిపోయాయి. సిగ్గుపడి గబుక్కున దించుకున్నాడు.

"ఎంత బాగా చేస్తే ఏటి? ఆ చొక్కా నా కొలత. టాకాలేసినా దాని మీద గోనెసంచిలాగుంటాది."

అది నిజమే. నారాయణమ్మ పెట్టె తెరిచి పోలీసు చొక్కా బల్లమీద పరిచింది. గోడమీది అసిరయ్య ఫొటో వైపు తలెత్తింది. "అలా సూడకు. పనుంది" అని కత్తెర తీసింది. భుజం దగ్గర కసుక్కున కోసింది.

"మామ్మా! ఊరంతటికీ ఉన్న పోలీసు డ్రెస్సదొక్కటే!"

"ఇక మాలతికే పడతాది."

"పార్వతీపురంలో తెచ్చుకుంటాను!"

"ఎళ్లు. దసరాల్లో నీకోసం దాసుంచేరు."

జగన్ గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు. ఎల్లుండే ఆట.

"మరి నేనేటి వెయ్యాల, మామ్మా?"

"దొంగ. బంగళాలో దొంగ. నీకూ రంగక్కర్లేదు."

మాలతి అలవాటుగా సూదిలో దారం ఎక్కించి టాకా వేయబోయింది. నారాయణమ్మ సూది లాక్కుంది.

"టాకాలొద్దమ్మీ. మిషను కుట్టెయ్యి."