అప్పలమ్మ అడగమన్న మాట

మెల్‌బోర్న్ శివార్లలో, పాయింట్ కుక్‌లోని మా ఇంట్లో బెండకాయలు తరుగుతూ అప్పలమ్మ ఆ రోజు బాగా దగ్గింది. నోటికి అడ్డంపెట్టుకున్న టిష్యూ చప్పున మడిచేసింది. లాక్కుని చూశాను. రక్తపు చార.

ఆమె తాతలు ఎప్పుడో శ్రీకాకుళం నుంచి బర్మా వెళ్ళారట. గొడవల్లో ఇల్లు తగలబడితే థాయిలాండ్ సరిహద్దు క్యాంపులో తొమ్మిదేళ్ళు బతికి, రెఫ్యూజీ వీసా మీద మెల్‌బోర్న్ చేరింది. తల్లి అప్పటికింకా ఆ క్యాంపులోనే ఉంది. ఆవిడ వీసాకీ అప్లై చేశాం. నాది విజయనగరం కాబట్టి సహాయ సంస్థవాళ్ళు అప్పలమ్మ మంచిచెడ్డలు నాకు అప్పగించారు.

ఎక్స్‌రే, కఫం టెస్ట్ అయ్యాయి. “టీబీ. ఆరు నెలలు టాబ్లెట్స్. ఒక్క డోసు కూడా మిస్ కాకూడదు” అంది డాక్టర్. ఆ రోజు ఇంటర్‌ప్రెటర్ దొరక్క నేనే తెలుగులో చెప్పాను. అప్పలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“మాయమ్మకీ ఇదే దగ్గమ్మా. దానికీ మందిమ్మని డాట్రమ్మకి సెప్పు.”

నేను చెప్పలేదు. ఎక్కడో క్యాంపులో ఉన్న ముసలమ్మకి ఈవిడేం మందిస్తుంది, నవ్విపోతుంది అనుకున్నాను. “ఇవ్వరులే” అని తీర్పు కూడా నేనే చెప్పేశాను. అతితెలివి అంటే అదే.

రెండు నెలలు అప్పలమ్మ కాస్త ఒళ్ళు చేసింది. మూడో నెలలో మళ్ళీ జ్వరం, దగ్గు. డాక్టర్ “డ్రగ్ రెసిస్టెన్స్. డోసులు తప్పితే టీబీ ఇలా మందులకి లొంగకుండా పోతుంది” అంది. ఆమె ఇంటికెళ్ళి గట్టిగా నిలదీస్తే, బియ్యం డబ్బాలోంచి గుడ్డమూట తీసింది. అందులో టాబ్లెట్లు.

“క్యాంపులో ఏదొచ్చినా సగం సగవే కదమ్మా. డాట్రమ్మ ఇవ్వనేదు కదా, ఎవులైనా అటెల్తే అమ్మకి పంపుదామని నా వాటిల్లో సగం దాసినాను.”

మర్నాడు డాక్టర్‌కి అంతా చెప్పాను. “క్యాంపు క్లినిక్‌లోనూ టీబీ మందులుంటాయి. చెప్పి ఉంటే మొదటి రోజే లెటర్ రాసేదాన్ని” అంది. అప్పటికప్పుడే రాసింది. క్లినిక్‌వాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఆ తల్లి పోయి నాలుగు రోజులైంది. వీసా అప్లికేషన్ వెనక్కి తీసుకునే ఫారం నేనే నింపాను.

ఆ రోజు డాక్టర్‌ని అసలు అడగనే లేదని అప్పలమ్మకి ఒప్పుకున్నాను. తిట్టినా బాగుండేది. “నాకూ తెల్దు, నీకూ తెల్దు కదమ్మా” అంది.

కొత్త మందులతో వాంతులు, కాళ్ళ తిమ్మిర్లు. నర్సు రోజూ వచ్చి కళ్ళ ముందే మింగించేది. ఏడాదికి పైగా పట్టింది. ఇప్పుడు దగ్గు లేదు, ఒక చైల్డ్‌కేర్ వంటగదిలో పని చేస్తోంది. పిల్లలు గిన్నెలు ఖాళీ చేస్తే తెగ సంబరపడుతుంది. తల్లి మాట మాత్రం నా దగ్గర ఎత్తదు.

మీరెప్పుడైనా పేషెంట్ పక్కన మాట చెప్పడానికి కూర్చుంటే, వాళ్ళు అన్నది అన్నట్టే చెప్పండి. పిచ్చి ప్రశ్న అనిపించినా సరే అడగండి. కాదనాలంటే డాక్టర్‌నే అననివ్వండి.